మీ పరిశోధన సంగతి ఊరికి చెప్పాలనుకుంటున్నారా? వరంగల్ యువ పరిశోధకులు తరచుగా అడిగే ప్రశ్నలు

పాత వరంగల్ జిల్లా పల్లెల్లో బోరు నీళ్ళ మీద పీహెచ్‌డీ చేశాను. కాకతీయ విశ్వవిద్యాలయం, నిట్, మెడికల్ కాలేజీ, వ్యవసాయ పరిశోధన స్థానాల్లో చదువుకుంటున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు నన్ను పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట పెట్టాను. నాకు తెలిసింది నీళ్ళ పని కాబట్టి ఉదాహరణలు ఎక్కువగా అక్కడివే. మీది పురుగులైనా, రాళ్ళైనా, రోగాలైనా మీ పనికి తగ్గట్టు మార్చుకోండి.

నా పీహెచ్‌డీ ఇంకా పూర్తి కాలేదు. జనం ముందు మాట్లాడే అర్హత నాకుందా?

ఉంది. మీరు పట్టుకున్న చిన్న అంశం గురించి మీ అంతగా రాత్రింబవళ్ళు ఆలోచించినవాళ్ళు ఈ జిల్లాలో ఇద్దరో ముగ్గురో ఉంటారు. మీ చేత్తో కొలిచింది చెప్పండి. కొలవనిది అడిగితే కొలవలేదనండి. అంతకు మించిన అర్హత ఎవరూ అడగరు.

ఇంకో సంగతి. కాకతీయ విశ్వవిద్యాలయం ఏర్పడిన 1976లోనే 42వ సవరణతో రాజ్యాంగంలోకి పౌరుల ప్రాథమిక విధులు వచ్చాయి. శాస్త్రీయ దృష్టిని, ప్రశ్నించి తెలుసుకునే గుణాన్ని పెంచుకోవడం వాటిలో ఒకటి. అది ప్రతి పౌరుడికీ చెప్పిన విధి. ప్రజల డబ్బుతో ఫెలోషిప్ తీసుకుంటున్న మనకు అది ఇంకాస్త దగ్గరి విధి అని నేను నమ్ముతాను.

సరే, ఎవరితో మొదలుపెట్టాలి?

మీకు నమూనా ఇచ్చినవాళ్ళతో. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుంచుకోగలిగితే ఇదే గుర్తుంచుకోండి.

పీహెచ్‌డీ రెండో ఏడాది ఒక ఊళ్ళో నలభై బోర్ల నుంచి నీళ్ళు పట్టుకొచ్చాను. ఎండాకాలంలో ఒకసారి, వానలయ్యాక ఒకసారి. ప్రతి ఇంట్లో మంచినీళ్ళిచ్చారు, కొందరు అన్నం తినమన్నారు. ఫలితాలు కంప్యూటర్లోకి ఎక్కాయి, పేపరైంది, సెమినార్లో చదివాను, చప్పట్లు కొట్టారు. వేరే పని మీద మళ్ళీ ఆ ఊరి మీదుగా వెళ్తుంటే ఒక అవ్వ గుర్తుపట్టి ఆపింది. "పోయినేడు సీసాల నీళ్ళు వట్టుకపోతివి గద బిడ్డా, ఏమున్నదట అండ్ల?" అనడిగింది.

నా దగ్గర జవాబుంది. ఫ్లోరైడ్ ఎంతో, నైట్రేట్ ఎంతో, దశాంశాలతో సహా ఉంది. ఎక్కడో ఉన్న సమీక్షకుడికి ఆ అంకెలు తెలుసు. ఆ నీళ్ళు తాగే మనిషికి తెలియదు. ఆ రోజు నేను పడ్డ సిగ్గు మీరు పడకూడదనే ఈ పేజీ రాస్తున్నాను.

కాబట్టి నమూనా తీసుకునేటప్పుడే తిరిగి వచ్చే తేదీ చెప్పండి. సీసా మీద రాసే నంబరును ఒక చీటీ మీద కూడా రాసి ఇంటివాళ్ళకు ఇవ్వండి. దారి ఖర్చు పరిశోధన బడ్జెట్‌లో మొదటి రోజే వేసుకోండి. తర్వాత వెతుక్కుంటే దొరకదు.

ఊరికి ఎప్పుడు వెళ్తే జనం దొరుకుతారు?

నాట్ల రోజుల్లో, పత్తి ఏరే రోజుల్లో పగలు ఎవరూ ఉండరు. కైకిలికి పోయినవాళ్ళు పొద్దుగూకాకే ఇల్లు చేరతారు. ఆ వేళకు వెళ్ళండి, లేదా పొద్దున ఏడు లోపు. మేడారం జాతర ముందు ములుగు వైపు ఏ సభా పెట్టకండి. బతుకమ్మ తొమ్మిది రోజులూ అంతే.

చోటు సంగతికి వస్తే గ్రామ పంచాయతీ ఆఫీసు కంటే రైతు వేదిక, బడి, మహిళా సంఘం సమావేశం నయం. నీళ్ళు, తిండి, పిల్లల ఆరోగ్యం గురించైతే మహిళా సంఘమే సరైన చోటు. ఇంటికి నీళ్ళు మోసేది వాళ్ళు, ఏ బోరు నీళ్ళతో పప్పు ఉడకదో తెలిసింది వాళ్ళకు. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్‌లో నిలబడి మాట్లాడదామని ఒక మిత్రుడు ప్రయత్నించాడు. ధర కోసం ఎదురుచూసే రైతుకు మన మాట చెవికెక్కదు, అందులో ఆయన తప్పేమీ లేదు.

మా గైడ్ "ముందు థీసిస్ రాయి, ఇవన్నీ తర్వాత" అంటున్నారు. ఏం చేయను?

ఆయన భయంలో కొంత న్యాయం ఉంది. తప్పు మాట బయటికి పోతే ల్యాబ్ పేరు పోతుంది. ఆ భయాన్ని తీర్చండి. చెప్పబోయేది ఒక పేజీలో తెలుగులో రాసి ముందే చూపించండి, సభకు ఆయన్నూ పిలవండి. కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ 2022లో శాస్త్రవేత్తల సామాజిక బాధ్యత మీద మార్గదర్శకాలు ఇచ్చింది. వాటిని ముందు పెడితే మీ మాటకు బలం వస్తుంది. నెలకు ఒక సాయంత్రం చాలు. ఒక్క సాయంత్రంతో థీసిస్ ఆగిపోదు.

పేపరు అచ్చుకాకముందే చెప్పేస్తే జర్నల్ తిరస్కరిస్తుందేమో?

ఈ భయానికి ఒక చరిత్ర ఉంది. 1969లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్ సంపాదకుడు ఫ్రాంజ్ ఇంగెల్‌ఫింగర్, మరోచోట ముందే వెల్లడైన పరిశోధనను తమ జర్నల్ వేసుకోదని నియమం పెట్టారు. చాలా జర్నళ్ళు ఆ బాట పట్టాయి. ఇప్పుడు ప్రీప్రింట్లను, అంటే సమీక్షకు ముందే అందరికీ అందుబాటులో పెట్టిన పేపర్లను, ఒప్పుకునే జర్నళ్ళు ఎన్నో ఉన్నాయి. మీరు పంపబోయే జర్నల్ నియమాల పేజీ చదవండి, ఐదు నిమిషాల పని. ఒక ఇంటివాళ్ళకు వాళ్ళ బోరు ఫలితం చెప్పినందుకు ఏ జర్నలూ కాదనదు. పత్రికలో పట్టికలన్నీ అచ్చువేయించడం వేరే సంగతి.

పేటెంట్ విషయంలో మాత్రం జాగ్రత్త. కొత్త పరికరమో, కొత్త మందు అణువో, వడపోత పద్ధతో అయితే దరఖాస్తు పెట్టకముందు దాని గుట్టు సభలో చెప్పకండి. బయటపడిందంటే కొత్తదనం పోయినట్టే. పేటెంట్ల చట్టం, 1970లోని 31వ సెక్షన్ కొద్దిపాటి మినహాయింపునిస్తుంది. ప్రభుత్వం నోటిఫై చేసిన ప్రదర్శనలో చూపినా, విద్వత్ సంఘంలో పత్రం చదివినా 12 నెలల్లోపు దరఖాస్తు చేసుకోవచ్చు. ఊరి సభ, యూట్యూబ్ దాని కిందికి రావు. అలాంటప్పుడు సమస్య గురించి మాట్లాడండి, పరిష్కారం లోపలి సంగతి తర్వాత చెప్పొచ్చు.

నా సబ్జెక్టుకు తెలుగులో మాటలే లేవు. ఎలా చెప్పను?

ఎక్కువమంది అడిగే ప్రశ్న ఇది. నాకు బాగా ఇష్టమైనదీ ఇదే.

మాటలు లేవన్నది నిజం కాదు. హనుమకొండలో రాజరాజ నరేంద్ర ఆంధ్ర భాషా నిలయం 1904లో వెలిసింది. రెండేళ్ళకు, 1906లో, కొమర్రాజు లక్ష్మణరావు గారి పూనికతో హైదరాబాద్‌లో విజ్ఞాన చంద్రికా మండలి మొదలై శాస్త్ర విషయాల మీద తెలుగు పుస్తకాలు వేసింది. తర్వాత మహీధర నళినీమోహన్, కొడవటిగంటి రోహిణీప్రసాద్ లాంటివాళ్ళు భౌతికశాస్త్రాన్ని, జీవపరిణామాన్ని తెలుగులో హాయిగా చదివించారు. జనవిజ్ఞాన వేదిక వాళ్ళ చెకుముకి పత్రిక చదివి సైన్సు వైపు వచ్చినవాళ్ళు మీ క్లాసులోనే ఉంటారు, అడిగి చూడండి.

అసలు చిక్కు వేరే ఉంది. పాఠ్యపుస్తకం తెలుగు ఒకటి, ఊరి తెలుగు ఒకటి. ఒకసారి కొలతలో ఉండే తేడా గురించి చెబుతూ 'దోషం' అన్నాను. ఒక పెద్దాయన ముఖం మారిపోయింది. ఆయనకు దోషమంటే జాతకంలో దోషం, నాగదోషం. 'సిద్ధాంతం' అంటే పంచాంగం చెప్పే సిద్ధాంతి గుర్తొస్తాడు. 'సంభావ్యత' అంటే ఎవరికీ ఏమీ గుర్తురాదు. అందుకే ఇప్పుడు నేను "కొలిచిన ప్రతిసారీ కొంచెం ఎక్కువ తక్కువ వస్తది" అంటాను, "పదిసార్లు చూస్తే ఎనిమిదిసార్లు ఇట్లనే అయింది" అంటాను. పాజిటివ్ వచ్చిందంటే రోగం ఉన్నట్టని 2020లో ఊరూరా నేర్చుకున్నారు. ఆ మాట మీరు మంచి అనే అర్థంలో వాడితే గందరగోళమే.

ఇంగ్లిష్ మాటలన్నీ మార్చాల్సిన పని లేదు. ఫ్లోరైడ్, బోరు, మోటారు, యూరియా, డెంగీ ఇవన్నీ ఇప్పుడు ఊరి మాటలే. ఊరి దగ్గర మీకు లేని మాటలూ ఉంటాయి. చెలక, దుబ్బ, రేగడి, చౌడు అంటూ నేలను రైతు పేరు పెట్టి పిలుస్తాడు. వాటిలో చెలక, దుబ్బ ఇంగ్లిష్ పరిశోధన పత్రాల్లోకి కూడా అలాగే వెళ్ళాయి. నీళ్ళల్లో చప్పనీళ్ళు, ఉప్పునీళ్ళు, సవ్వనీళ్ళు ఉన్నాయి. ముందు వాళ్ళ మాటలు రాసుకోండి, తర్వాత మీవి చెప్పండి. కాళోజీ పుట్టినరోజు సెప్టెంబర్ 9ని తెలంగాణ భాషా దినోత్సవంగా జరుపుకుంటున్నాం. ఆ రోజు మీ డిపార్ట్‌మెంట్‌లో ఒక్క గంట, పరిశోధనలన్నీ ఇంటి భాషలో చెప్పుకునే కార్యక్రమం పెట్టి చూడండి. ఎవరికి తమ పని నిజంగా అర్థమైందో అక్కడ తేలుతుంది.

అంకెలు చెబితే జనం వినడం మానేస్తారు కదా?

వాళ్ళు చేత్తో తాకే కొలతలోకి మార్చకపోతే మానేస్తారు. తాగేనీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకుండా ఉండాలని, వేరే నీటి వసతి లేనప్పుడు 1.5 వరకు ఒప్పుకోవచ్చని భారత ప్రమాణం చెబుతుంది. ఈ వాక్యాన్ని సభలో ఇలాగే చదివితే నిద్ర వస్తుంది. ఇంటి మీది వెయ్యి లీటర్ల నల్ల ట్యాంకు చూపించండి. "ఇంత ట్యాంకుల ఒక గ్రాము, అంటే చిటికెడు. చిటికెడున్నర దాటితే పిల్లల పండ్లకు మచ్చలు వస్తయి" అనండి. చిటికెడు ఉప్పు చేత్తో పట్టుకుని చెబితే ఇంకా మంచిది.

సగటు మాత్రం చెప్పకండి. మన రాతి నేలల్లో ఒక బోరుకు, పక్క బోరుకు పొంతన ఉండదు. లోపలి రాతి పగుళ్ళు వేరు, లోతు వేరు. ఊరి సగటు 1.2 అంటే ఎవరికి లాభం? ఎవరి బోరు అంకె వాళ్ళకు కావాలి.

ఫలితం చెడ్డదైతే? చెప్పి భయపెట్టడం ఎందుకు?

చెప్పాల్సిందే. ఎలా చెబుతామన్నది చాలా ముఖ్యం.

ముందు ఆ ఇంటివాళ్ళకు, వాళ్ళ ఇంట్లోనే, వేరేవాళ్ళు లేనప్పుడు. తర్వాత సర్పంచికి, పంచాయతీ కార్యదర్శికి, గ్రామీణ నీటి సరఫరా ఇంజనీరుకు. ఇళ్ళ పేర్లు సభలో చదవద్దు. ఊరి పేరు పత్రికకు ఇచ్చే ముందు పదిసార్లు ఆలోచించండి. నల్లగొండ వైపు ఫ్లోరైడ్ ఊళ్ళంటే పిల్లనివ్వడానికి, చేసుకోవడానికి వెనకాడిన రోజులున్నాయి. మన పేపరు వల్ల ఒక ఊరి మీద అలాంటి ముద్ర పడకూడదు. రక్తం, ఆరోగ్య వివరాలు తీసుకున్నవాళ్ళకైతే భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2017 నాటి నైతిక మార్గదర్శకాలు ఉండనే ఉన్నాయి, ఎథిక్స్ కమిటీ అనుమతిలో రాసింది దాటి ఒక్క మాట బయటికి రాకూడదు.

చెడు మాటతో పాటు చేయగలిగిన పనిని కూడా తీసుకెళ్ళండి. నీళ్ళు కాచితే ఫ్లోరైడ్ పోదు, ఆవిరైన కొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. ఇది చాలామందికి తెలియదు, తప్పకుండా చెప్పండి. తాగడానికీ వంటకూ భగీరథ నల్లా నీళ్ళు వాడుకుని, బోరు నీళ్ళు బట్టలకు, బర్లకు ఉంచుకోమనొచ్చు. పటిక, సున్నంతో ఫ్లోరైడ్ తగ్గించే పద్ధతికి శాస్త్రలోకంలో నల్లగొండ పద్ధతి అనే పేరు. దాన్ని రూపొందించింది నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధన సంస్థ (నీరీ) శాస్త్రవేత్తలు. పళ్ళు తయారయ్యే వయసు పిల్లలకే మచ్చల ముప్పు అని చెబితే తల్లులకు ఏం చేయాలో వెంటనే అర్థమవుతుంది.

"నాకు తెలియదు" అంటే పరువు పోదా?

2024 డిసెంబర్ 4న పొద్దున ఏడున్నర కావస్తుండగా ములుగు దగ్గర 5.3 తీవ్రతతో భూకంపం వచ్చింది. వరంగల్‌లో ఇళ్ళల్లోంచి జనం బయటికి ఉరికారు. ఆ రోజంతా ఫోన్లలో ఒకటే మాట, ఇంకో పెద్దది రాబోతోందట, ఫలానా గంటకట. అంతకు మూడు నెలల ముందే తాడ్వాయి అడవిలో వేల చెట్లు ఒక్కసారిగా కూలాయి. ఆ భయం ఇంకా పోలేదు, రెండింటినీ కలిపి రకరకాలుగా చెప్పుకున్నారు.

అలాంటి రోజు భూగర్భశాస్త్రం చదివే ఒక పిల్లవాడు తన అపార్ట్‌మెంట్ కింద నిలబడి ఏం చెప్పాలి? "రోజు, గంట చెప్పి భూకంపాన్ని ముందే ఊహించే పద్ధతి ప్రపంచంలో ఎవరి దగ్గరా లేదు. గంట చెబుతున్నారంటే అది అబద్ధం. గోదావరి లోయ కింద పాత పగుళ్ళున్నాయి, 1969లో భద్రాచలం దగ్గర కూడా వచ్చింది. చిన్న ప్రకంపనలు మళ్ళీ రావచ్చు. వస్తాయో రావో నాకు తెలియదు. పగుళ్ళు పట్టిన పాత గోడ పక్కన పడుకోవద్దు." ఇందులో తెలిసింది ఉంది, తెలియనిది ఉంది, రాత్రికి చేయాల్సింది ఉంది. తెలియదన్న మాట మధ్యలో ఉండబట్టే మిగతా మాటల మీద నమ్మకం కుదురుతుంది.

రైతులు నా సబ్జెక్టు కానివి అడుగుతారు. ఏ మందు కొట్టాలో చెప్పమంటే?

మీది కీటకశాస్త్రం కాకపోతే మందు పేరు చెప్పకండి. ఎంత బతిమాలినా చెప్పకండి. 2021-22లో మిర్చి పూతను నల్ల తామర పురుగు తినేసినప్పుడు ఎవరికి తోచిన మందు వాళ్ళు చెప్పారు. రైతులు రోజు విడిచి రోజు కొట్టారు. పురుగు పోలేదు, దాన్ని తినే మిత్ర పురుగులు పోయాయి, అప్పు మిగిలింది. కృషి విజ్ఞాన కేంద్రానికో, వరంగల్, జగిత్యాల పరిశోధన స్థానాలకో దారి చూపండి. కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551 ఫోన్లో పెట్టుకోండి, వాళ్ళు తెలుగులోనే మాట్లాడతారు. వీలైతే ఫోన్ మీరే కలిపి ఇచ్చి, రైతు మాట్లాడేదాకా పక్కన ఉండండి.

విలేకరి తప్పుగా రాస్తే?

నాకు జరిగింది. కొన్ని బోర్లలో నైట్రేట్ ఎక్కువుందని చెబితే, మండలం మొత్తం నీళ్ళు విషమన్నట్టు హెడ్డింగ్ వచ్చింది. మాట్లాడిన విలేకరి మంచివాడే, హెడ్డింగ్ పెట్టింది డెస్కులో ఇంకెవరో. ఆ రోజు నుంచి ఎవరు అడిగినా అరపేజీ తెలుగులో రాసిచ్చి, అందులో మొదటి వాక్యంగా "ఈ పరిశోధన ఫలానాది చెప్పదు" అని పెడుతున్నాను. తప్పొస్తే అదే రోజు ఫోన్ చేసి సవరణ అడగండి. ఊరివాళ్ళకు మాత్రం మీరే వెళ్ళి చెప్పండి, సవరణ ఎవరి కంటా పడదు.

వాట్సాప్‌లో పంపితే సరిపోదా?

సభతో పాటు పంపండి. రాతకంటే గొంతు ఎక్కువ దూరం పోతుంది. ఒక నిమిషం, ఒకటే సంగతి. ఎన్ని చేతులు మారుతుందో, ఎన్నేళ్ళు తిరుగుతుందో మనకు తెలియదు కాబట్టి తేదీ, ఊరు, ఎవరికి వర్తిస్తుందో గొంతులోనే చెప్పండి. కింద రాసిన వివరం ఫార్వర్డ్‌లో పోతుంది, గొంతులో ఉన్నది పోదు. ఆకాశవాణి వరంగల్, ఆదిలాబాద్ కేంద్రాల వ్యవసాయ కార్యక్రమాలకు కూడా రాసి చూడండి. పొలం గట్టు మీద రేడియో ఇంకా మోగుతూనే ఉంది.

నాది రోజువారీ బతుక్కు పనికొచ్చే పరిశోధన కాదు. ఎవరు వింటారు?

రామప్ప గుడి గోపురం ఇటుక నీళ్ళల్లో తేలుతుందని చెబితే వినని మనిషి ఈ చుట్టుపక్కల ఉన్నాడా? 1213 నాటి గుడి, 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ ఇటుక ఎందుకు తేలుతుందో చెప్పడం మొదలుపెడితే సాంద్రత, గాలి రంధ్రాలు, గోపురం బరువు, ఇసుక పునాది అన్నీ వాటంతట అవే వస్తాయి. పాత ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గర దొరికిన డైనోసార్ ఎముకలకు శాస్త్రలోకం 1988లో కోటాసారస్ యామన్‌పల్లియెన్సిస్ అని పేరు పెట్టింది. ఊరి పేరు ఒక రాక్షసబల్లికి పెట్టారంటే అక్కడి బడి పిల్లలు ఎంత పొంగిపోతారో ఒకసారి వెళ్ళి చూడండి. మీ పనిలోనూ అలాంటి కొస ఒకటి ఉంటుంది, వెతకండి.

దీనికి ఉద్యోగంలో మార్కులుంటాయా?

చాలా తక్కువ. శాస్త్ర సాంకేతిక శాఖ 2018లో అవసర్ పేరుతో, పీహెచ్‌డీ విద్యార్థులు తమ పరిశోధన గురించి మామూలు భాషలో రాసే వ్యాసాలకు బహుమతులు మొదలుపెట్టింది. అలాంటివి ఇంకా రావాలి. ఇంటర్వ్యూలో మాత్రం ఇప్పటికీ పేపర్లే లెక్క. ఇది అన్యాయమనే నా అభిప్రాయం.

నమూనాలు తీసుకుని నాలుగేళ్ళైంది. ఇప్పుడు వెళ్తే తిడతారేమో?

తిట్టొచ్చు. అయినా వెళ్ళండి. నేను రెండేళ్ళు ఆలస్యంగా నలభై చీటీలు పట్టుకుని వెళ్ళాను. ఇద్దరు ఊరొదిలి వెళ్ళిపోయారు, ఒకాయన చనిపోయాడు, ఏడు బోర్లు ఎండిపోయాయి. నన్ను ఆపి అడిగిన అవ్వది ఆ ఏడింటిలో ఒకటి. చీటీ తీసుకుని మనవరాలితో చదివించుకుంది. "గా బోరు పాయె బిడ్డా, కొత్తది ఏసినం. గిది జూడు" అంటూ లోపలికి వెళ్ళి, కడిగిన సీసా నింపి తెచ్చింది. దాని మీద ఆమె పేరు, ఆనాటి తేదీ రాసుకుని ల్యాబుకు వచ్చాను. తొమ్మిదో రోజున ఆ ఫలితం ఆమె చేతిలో ఉంది.